చప్పుడు లేని మోటారు

ముప్పై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో నేను మార్కాపురంలో గురవయ్యశెట్టి గారి బాడుగ మోటారు నడుపుతుండేవాణ్ణి. మోటారు అనగానే గొప్పగా ఊహించుకోవద్దు. పైన చిరుగుల కాన్వాసు, కింద తుప్పు, మధ్యలో నా ఓపిక. అంతకు ముందటి వానాకాలంలో గుండ్లకమ్మ దాటుతుండగా అడుగున బండరాయి తగిలి సైలెన్సరు డబ్బా చీలిపోయింది. అప్పటినుంచి బండి ఇంకా రెండు మైళ్ళ దూరాన ఉండగానే ఊళ్ళో గేదెలు పలుపులు తెంపుకొనేవి. కొత్త డబ్బా మద్రాసు నుంచి రావాలి. దాని ఖరీదు వింటే మా శెట్టిగారికి కళ్ళు తిరిగేవి. పోయేది పొగే గదా, చప్పుడుతో పోతే నీకేంది నష్టం అనేవాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? బండి ఆయనది, చెవులు నావి.

నేను కూడా ఆ మోతకు అలవాటు పడిపోయేవాణ్ణే, మా అక్క కూతురి పెండ్లి రాకపోయి ఉంటే.

మా అక్క దీనమ్మను రాళ్ళవాగుపల్లెకు ఇచ్చారు. మార్కాపురానికి ఆరు మైళ్ళు. బావ యాకోబు పలకల గనిలో రాయి చీల్చే మేస్త్రీ. గనిలో పని లేని రోజుల్లో ఇద్దరూ ఊరి పెద్దరైతు వెంకటసుబ్బయ్య చేలల్లో కూలికి పోయేవాళ్ళు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ప్రేమకుమారి మిషను బడిలో చదివి, ట్రెయినింగు పూర్తిచేసి, పంతులమ్మ అయింది. కురిచేడులో పంతులుగా ఉన్న వరప్రసాదంతో సంబంధం కుదిరింది. చర్చి ఊరికి అవతల మైలు దూరంలో ఉంది. అక్కవాళ్ళు ఉండే మావాళ్ళ పేట ఊరికి ఇవతల. మధ్యలో ఉన్నది పెద్దవీధి, ఆ వీధి నడుమ ఉన్నది వెంకటసుబ్బయ్య ఇల్లు.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉండేది. మా పేటవాళ్ళు ఎవరైనా సరే వీధి మొదట్లో బండి దిగాలి. చెప్పులు చేతపట్టుకోవాలి. వీధి చివరి బావి దాటేదాకా నడిచి, ఆ తర్వాత బండెక్కాలి. చావుకైనా అంతే, పెండ్లికైనా అంతే. ఇరవై రెండేళ్ళ కిందట మా అక్క పెండ్లి వానల్లో జరిగింది. తెల్లచీర కట్టుకొని, చెప్పులు చంకలో పెట్టుకొని, చీలమండల లోతు బురదలో నడిచింది. నాకప్పుడు ఏడేళ్ళు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒక్క మాట అనలేదు, నవ్వనూ లేదు. ఎద్దులు పోతుంటే చూసినట్టు చూశారు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. చీర అంచుకు పట్టిన మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. అక్క ఆ చీర పారేయలేదు, మళ్ళీ కట్టుకోనూ లేదు. పెట్టె అడుగున పెట్టింది.

తన కూతురు మాత్రం ఆ వీధిలో కాలు కింద పెట్టకూడదని బావ ఎప్పుడు నిశ్చయించుకున్నాడో నాకు తెలియదు. బుధవారం పెండ్లి అనగా శనివారం నాడు నన్ను వెంటబెట్టుకొని వెంకటసుబ్బయ్య ఇంటికి వెళ్ళాడు. పిల్లను మోటారులో తీసుకుపోనివ్వమని అడిగాడు. అరుగు మీద నలుగురు పెద్దమనుషులు ఉన్నారు. వెంకటసుబ్బయ్య నోటితో నవ్వి నొసటితో వెక్కిరించే రకం. కాలం మారిందన్నాడు. చదువుకున్న పిల్లను నడిపిస్తే తనకే చిన్నతనమన్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు.

"మా అమ్మకు గుండెదడ యాకోబూ. నీ బామ్మర్ది బండి మోత వింటే ఆ ముసలిపానం నిలవదు. చప్పుడు కాకుండా పోతామంటే పోండి, నేను అడ్డం రాను. చప్పుడైతే మాత్రం పిల్ల దిగి నడవాల. నలుగురి ముందర చెబుతున్నా, మాటంటే మాటే."

నా మోటారు మోత తెలియని చెవి ఆ తాలూకాలోనే లేదు. ఆయనకూ తెలుసు. వద్దు అనకుండానే వద్దనిపించే పద్ధతి అది. బావ మాత్రం అట్లనే అయ్యా అని, తలగుడ్డ తీసి దండం పెట్టి వచ్చాడు. దోవ పొడుగునా నేను ఆయన్ని చెడామడా తిట్టాను. బామ్మర్దిని గదా, ఆ హక్కు నాకుంది. బావ అంతా విని, ఇంకా నాలుగు దినాలుంది గదా అని ఊరుకున్నాడు.

ఆ నాలుగు దినాలు నాకు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. అన్నం ముందు కూర్చొని కూడా ఆ డబ్బా గురించే ఆలోచించేవాణ్ణి. మా ఆవిడ మగ్దలీనమ్మ రెండుసార్లు కూర వడ్డించి, నేను చూసుకోకపోతే మూడోసారి గిన్నె ఎత్తి లోపల పెట్టేసింది.

మొదటి మందు తడిగోనె. రెండు గోతాలు నీళ్ళలో నానబెట్టి చీలిన డబ్బా చుట్టూ చుట్టి తీగతో బిగించాను. మైలున్నర పోయేసరికి గోనె ఆరి, మాడి, అంటుకుంది. దోవ పక్క ఇసుక దోసిళ్ళతో పోసి ఆర్పాను. రెండో మందు కిరసనాయిలు డబ్బా. బజారులో డబ్బాలకు సీసంతో మాట్లు వేసే అతని చేత రెండు డబ్బాలు ఒకదానిలో ఒకటి దూర్చి అతికించాను. మోత సగానికి సగం తగ్గింది. నా ప్రాణం లేచొచ్చింది. రెండో మైలు రాయి దగ్గర ఆ వేడికి మాట్లన్నీ కరిగిపోయి డబ్బా ఊడి దోవలో దొర్లింది. వెనక వస్తున్న చెరుకు బండివాడు దాన్ని ఏరుకొచ్చి ఇస్తూ, మోటారుకు గంట కట్టినావేందన్నా అని అడిగాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సోమవారం సాయంత్రం బావ గని నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆయన రాయిని తప్ప దేన్నీ నమ్మడు. గని పక్కన ఏళ్ళ తరబడి పడేసిన పలక చెక్కుల గుట్ట ఒకటి ఉంది. ఆ గుట్టకు అవతల బండ పగలగొడితే ఇవతలికి వినపడదట.

"చప్పుడును రాయి తాగుతది నిత్యానందం. నీ డబ్బాలో చెక్కులు నింపి చూడరాదా?"

నవ్వబోయాను గానీ, ఆలోచిస్తే అందులో పస ఉంది. పొగ తిన్నగా పోతేనే అరుపు. సందుల్లో పడి తిరిగి తిరిగి పోతే గొంతు సన్నబడుతుంది. కమ్మరి అంకన్న దగ్గరికి పరుగెత్తాను. రోడ్డు పనివాళ్ళు వదిలేసిన తారు పీపా రేకు అతని కొలిమి పక్కనే ఉంది. మాట్లు వద్దు, మేకులు కొట్టి బిగించమన్నాను. లోపల రెండు చిల్లుల రేకులు పెట్టించి, వాటి నడుమ గుట్ట మీది చెక్కులు వదులు వదులుగా నింపి, మూత వేసి తీగతో బిగించాను. ఎండకు ఎండి, వానకు తడిసి, మళ్ళీ ఎండి, ఎందుకూ పనికిరాకుండా పోయిన చెక్కులు అవి. అంకన్న కూలి తీసుకోలేదు. ఆ మోత ఆగితే అదే పదివేలు అన్నాడు.

మంగళవారం సాయంత్రం దొనకొండ దోవలో ఎనిమిది మైళ్ళు నడిపి చూశాను. మోటారు పిల్లి గురకపెట్టినట్టు పోయింది. ఇంజను ఆగిపోయిందేమోనని నేనే రెండుసార్లు దిగి చూసుకున్నాను. ఆ రోజు స్టీరింగు మీద తల ఆనించి నేను ఏడ్చాననేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చీకటి పడకముందే బండిని రాళ్ళవాగుపల్లె తీసుకెళ్ళి అక్క గుడిసె ముందు నిలిపి, నాలుగు రోజుల నిద్ర ఒక్కసారిగా పోయాను.

అట్లా నిద్రపోయినందుకు నన్ను నేను ఈనాటికీ తిట్టుకుంటాను. తెల్లవారుజామున బావ లేచి డబ్బా మూత ఊడదీశాడు. నేను నింపిన చెక్కులన్నీ కింద పోసేశాడు. కూతురి పెండ్లి బండిలో పనికిమాలిన రాయి పెడతామా అని ఆయన బాధ. ముందురోజు గనిలోంచి మంచి రాయి ఏరి, తడిగోనెలో చుట్టి తెచ్చి దాచుకున్నాడట. పలకల పనివాళ్ళకు ఒక నమ్మకం. గనిలోంచి తీసిన రాయిని తడి ఆరకుండా ఉంచితేనే అది ఉలికి లొంగి పొరలు పొరలుగా చీలుతుంది. ఎండితే మొండికేస్తుంది. పచ్చిరాయే ప్రాణమున్న రాయి, ఎండినది చచ్చిన రాయి. అందుకని నీళ్ళు కారుతున్న పచ్చిరాయి ముక్కలు, అంచులు నున్నగా దిద్ది, డబ్బాలో పేర్చి మూత బిగించాడు. ముప్పై ఏళ్ళు రాయితో బతికిన మనిషికి దాన్ని పొయ్యి మీద పెడితే ఏమవుతుందో తెలియలేదు. ఎందుకు తెలుస్తుంది? పలకను ఎవరైనా పొయ్యి మీద పెడతారా?

ఇదేదీ నాకు తెలియదు. పొద్దున్నే లేచి పాదిరిగారిని తీసుకురావడానికి మార్కాపురం వెళ్ళాను. పోయేటప్పుడు బండి బాగానే ఉంది. వచ్చేటప్పుడు కాస్త బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. పాదిరిగారు మనిషి భారీ. ఆ బరువేలే అనుకున్నాను. లోపల వేడికి రాయి పొరలు పొరలుగా విడిపోతూ సందులన్నీ మూసేస్తోందని నాకేం తెలుసు.

తొమ్మిది గంటలకు పిల్లను ఎక్కించాం. తెల్లచీర, తలమీద ముసుగు, చేతిలో నూరువరహాల పూలగుత్తి. పక్కన ఆమె స్నేహితురాలు, ముందర నా పక్కన పాదిరిగారు. అక్కను కూడా ఎక్కమన్నాను. ఎక్కలేదు. మోటారంటే భయమంది. పేట జనం అందరితో పాటు వెనక నడుచుకుంటూ బయల్దేరింది. పెండ్లికని బావ కొన్న కొత్త చెప్పులు వీధి మొదలు రాకముందే తీసి చేతపట్టుకుంది. నేను అద్దంలో చూశాను. చూడనట్టు ముఖం తిప్పుకున్నాను.

వీధిలోకి తిరిగాం. అరుగులన్నీ నిండి ఉన్నాయి. పొద్దున్నే పనులు మానుకొని మోత వినడానికి కూర్చున్నారు. మోత లేదు. చక్రాల కింద గులకరాళ్ళు నలిగే శబ్దం, అంతే. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నాకు గర్వం గొంతుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పెడలు కింద ఇంజను ఊపిరాడక కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి కుదిపింది. ఇంకోసారి కుదిపింది. ఎంత తొక్కినా లేవలేదు. మూడిళ్ళు ఈడ్చుకుంటూ పోయి, వెంకటసుబ్బయ్య అరుగుకు ఎదురుగా ఠక్కున ఆగిపోయింది.

దిగి హ్యాండిలు తిప్పాను. ఇంజను బదులు పలకలేదు. పైన ఎండ, లోపల సిగ్గు. ఆ క్షణాన భూమి నోరు తెరిస్తే బండితో సహా దిగిపోయేవాణ్ణి. వెంకటసుబ్బయ్య తాపీగా లేచి అరుగు అంచుకు వచ్చాడు.

"పాపం, ఆగిపోయినట్టుందే. పిల్లను దింపండి, నడుస్తది. బావిదాకే గదా."

మాట ఎంత మెత్తగా ఉందంటే, ప్రేమకుమారి నిజంగానే కాలు కిందికి పెట్టబోయింది. ఏమైతది మామా, నాలుగడుగులే గదా అని నాతో నెమ్మదిగా అంది కూడా. వెనక జనంలోంచి బావ వచ్చి మోటారు తలుపు పట్టుకున్నాడు.

"చప్పుడైందా అయ్యా?"

వెంకటసుబ్బయ్య అరుగు మీది పెద్దమనుషుల వంక తిరిగాడు.

"నలుగురూ ఉన్నారు. చప్పుడైతే పిల్ల దిగి నడవాలన్నారు. కాలేదు గదా. మాటంటే మాటే. నా బిడ్డ దిగదు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. నలుగురి ముందు ఇచ్చిన మాట, ఆ నలుగురూ అక్కడే కూర్చొని ఉన్నారు. బావ తలుపు మూసి, వెనక్కి పోయి, రెండు చేతులూ బండికి ఆనించాడు. గని పనివాళ్ళు పదిమంది వచ్చి చేరారు. పాదిరిగారు తెల్లంగీ మడిచి నడుముకు దోపుకొని, దిగి, వాళ్ళ పక్కన భుజం పెట్టారు. నేను స్టీరింగు పట్టాను. బండి కదిలింది.

అప్పుడు ఆ ఇంటి తలుపులోంచి వెంకటసుబ్బయ్య తల్లి వెంకటసుబ్బులమ్మ బయటికొచ్చింది. కర్ర లేదు, ఆయాసం లేదు. నిటారుగా వచ్చి, ఎండకు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"ఏందిరా, మోటారు వస్తది, ఊరు అదిరిపోతదన్నారు. పొద్దుట్నుంచి కూర్చున్నా. చప్పుడే లేదే."

గుండెదడ ఎవరికో ఆ వీధికంతా తెలిసిపోయింది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అవ్వ మెట్టు దిగి వచ్చి, పిల్లా ఒకసారి దిగు, నీ చీర చూస్తా అని పిలిచింది. ఆమె మాటలో కల్మషం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ప్రేమకుమారి కూర్చున్నచోటి నుంచే ముసుగు కాస్త తొలగించి నవ్వింది. ఈ దోవనే తిరిగొస్తా అవ్వా, అప్పుడు చూద్దువు అని చెప్పింది. మనుషుల రొప్పుల మధ్య బండి ముందుకు సాగింది. ఇల్లు దాటింది. ఇంకో పది ఇళ్ళు దాటింది. అక్క వెనక నడుస్తూనే ఉంది, చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

బావి దాటాక వాగులోకి దిగుడు. ఆ జోరులో గేరు వేసి క్లచ్చి వదిలాను. ఇంజను రెండుసార్లు దగ్గింది. ఆ తర్వాత గనిలో మందు పేలినట్టు ఒక్క పేలుడు. తారు పీపా డబ్బా బద్దలై రేకు ఒకవైపు, మేకులు ఒకవైపు పడ్డాయి. నల్లటి రాతి పొరలు పుస్తకం కాగితాల్లా దోవంతా చెల్లాచెదురయ్యాయి. ఆ వెంటనే నా మోటారు పాత గొంతుతో, అంతకంటే గట్టిగా అరవడం మొదలుపెట్టింది. అసలు డబ్బానే లేదు మరి.

దిగి ఒక పొర తీసి చూస్తే విషయం అర్థమైంది. ఇవి నా చెక్కులు కావు. బావ ముఖం చూశాను. పచ్చిరాయి పెట్టినా, మంచిదని పెట్టినా అని గొణిగాడు. నోటికొచ్చినట్టు తిడదామని నోరు తెరిచాను. బావ అరచేతులు చూసి మూసుకున్నాను. వెనక గొట్టం పక్కన కాలిన ఇనుమును అంతదూరమూ నెట్టినవి ఆ చేతులే. బొబ్బలెక్కి ఎర్రగా ఉన్నాయి.

పెండ్లి బాగా జరిగింది. ఉంగరాలు మార్చుకున్నారు, పాటలు పాడారు. నాకు మాత్రం ఒక్క వాక్యం చెవికెక్కలేదు. తిరిగి పోవాల్సింది ఆ వీధినే. విందు మా పేటలో. ఇప్పుడు చప్పుడవుతుంది, అవక తప్పదు. మాట ప్రకారం పిల్ల దిగి నడవాలి. చర్చి వెనక చింతచెట్టు కింద మగవాళ్ళు గుంపుకూడి గుసగుసలాడారు. అంకన్న గోనె కడదామన్నాడు. ఇంకొకడు ఇంజను ఆపేసి మళ్ళీ నెడదామన్నాడు. బావ కాలిన చేతులు ముందుకు చాపి, నెడతా, ఎంత దూరమైనా నెడతా అన్నాడు. పాదిరిగారు సాయంత్రం దొనకొండలో రైలెక్కాలని అక్కడే ఉండిపోయారు. కాబట్టి ఆయన భుజం కూడా లేదు.

అక్క ఎప్పుడు వచ్చిందో మేము చూడలేదు. చర్చి మెట్టు మీద కూర్చొని చెప్పులు వేసుకుంటోంది. కొత్త వార్లు బిగువుగా ఉన్నట్టున్నాయి, రెండు చేతులతో లాగి వేసుకుంది. లేచి, మోటారు దగ్గరికి వచ్చి, పాదిరిగారు కూర్చున్న ముందు సీటు ఎక్కింది. మోటారంటే భయమన్న మనిషి. వెనక కొత్త దంపతులు ఎక్కారు.

"ఏం కట్టద్దు. ఎవురూ నెట్టద్దు. పోనీ తమ్ముడూ."

బావ ఏదో అనబోయాడు. అక్క ఆయన వంక చూడను కూడా చూడలేదు. నేను హ్యాండిలు తిప్పాను. చింతచెట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

ఆ తర్వాత రెండు నెలలు వెంకటసుబ్బయ్య మా పేటవాళ్ళను కూలికి పిలవలేదు. గని కూలితోనే గంజి తాగారు. అవి తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం వాగు ఎక్కి, బావి దాటి, వీధిలోకి తిరిగాం. జనం అరుగుల మీద లేచి నిలబడ్డారు. వెంకటసుబ్బయ్య ఇంటి మెట్టు మీద ముసలమ్మ చెవులు మూసుకోకుండా కూర్చొని ఉంది. ఆయన ఆమె వెనక నిలబడి ఉన్నాడు. త్వరగా దాటేద్దామని నేను గేరు మార్చబోయాను. అక్క నా చేతి మీద చెయ్యి వేసింది. చెప్పులున్న రెండు పాదాలూ బండి అడుగు చెక్క మీద ఆనించి, ముందుకు చూస్తూనే, ఈ చప్పుడు దేంతో వస్తదని అడిగింది. నా కుడికాలి కింది పెడలు చూపించాను.

"నిదానంగా పో. అది మాత్రం ఇంకా తొక్కు" అంది.